కలలో నక్క

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న డిటెక్టివ్ శ్రీరాములుకి తను మేలుకుని ఉన్నాడో నిద్రపోతున్నాడో సరిగ్గా తెలియడం లేదు. తప్పు ఆయనది కాదు, జలుబు మాత్రది. రాత్రి ముక్కు దిబ్బడేసిందని ఒకటి వేసుకున్నాడు. పొద్దున్నే ఆస్పత్రి నుంచి మనిషి వచ్చి లేపితే, వేసుకున్న సంగతి మర్చిపోయి ఇంకొకటి వేసుకున్నాడు. ఇప్పుడు మదనపల్లె మొత్తం ఆయన కళ్లకి తడిగుడ్డ చాటునుంచి కనిపిస్తోంది. బయట ఆగస్టు ముసురు. నర్సులు నడుస్తుంటే కాళ్లు నేలకి ఆనుతున్నాయా లేదా అని ఆయన చాలాసేపు చూశాడు. ఆ చూపు చూసి ఒక నర్సు కోపంగా కొంగు సర్దుకుని పోయింది కూడా.

"శ్రీరాములూ, వింటాండావా?"

డాక్టరు శాంతమ్మ. ఆయన్ని పిలిపించింది ఆవిడే.

"వింటాండానమ్మా. మీ గొంతే బావిలోనించి వస్తాండాది."

"నా గొంతు బాగానే ఉండాది. లేసి లోపలికి రా."

లోపల మంచం మీద సయీదా. పుంగనూరు పిల్ల. యూనివర్సిటీవారి మెడికల్ టెక్నాలజీ కాలేజీలో ఆఖరి సంవత్సరం చదువుతోంది. అక్కడి విద్యార్థి సంఘానికి ఇప్పుడు కార్యదర్శి, ఈసారి అధ్యక్ష పదవికి నిలబడింది. ఆ సంఘం పుట్టాక ఒక ఆడపిల్ల అధ్యక్షురాలిగా నిలబడటం ఇదే మొదలు. నిన్న పొద్దుగుంకాక కాలేజీ ల్యాబు గుమ్మానికి అడ్డంగా పడి కనిపించింది. నుదుటి మీద దెబ్బ. రాత్రి ఏవో రెండు ముక్కలు మళ్లీ మళ్లీ గొణిగిందట. తెల్లవారేసరికి ఆ గొణుగుడూ ఆగిపోయింది.

"ఈ దెబ్బని చూసి పోలీసోళ్లు కొట్లాట కేసు రాసుకొన్యారు," అంది శాంతమ్మ. "దెబ్బ చిన్నది. ఇంత చిన్న దెబ్బకి మనిషి ఇట్ల అయిపోదు. ఇదో, చేతులు చూడు."

శ్రీరాములు చూశాడు. బొట్టు పెట్టబోయే చేతికి ఉన్నట్టు, సయీదా రెండు చేతుల వేళ్లూ కొసలు కలిసి బిగుసుకుని ఉన్నాయి. విప్పబోతే రాలేదు.

"పిల్ల ఏదో మింగింది. లేదా ఎవురో మింగించినారు. ఈ సంగతి నీకొక్కడికే చెప్తాండా, ఇంకెవురికీ చెప్పలేదు. నాకు దొంగతో పనిలేదప్పా. ఏమి మింగిందో అది కనుక్కొని చెప్పు, దానికి మందు నేనేస్తా. తెలీకుండా ఏదిబడితే అది ఏస్తే ఆ మందే చంపుతాది. సాయంత్రం దాకా ప్రాణం నిలబెడతా. ఆపైన నా చేతిలో లేదు."

శ్రీరాములు చూపు పక్కకి తిప్పాడు. మంచం పక్కన సామాన్ల అరలో సయీదా చెప్పులు ఒద్దికగా పెట్టి ఉన్నాయి. ఎవరో తుడిచి పెట్టారు.

"రాత్రి ఏమనిందమ్మా?"

సమాధానం చెప్పింది నర్సు ఆదెమ్మ. "కల వచ్చినట్టుండాదప్పా ఆయమ్మికి. 'కల... నక్క... కల... నక్క' అంటానే ఉండె. నక్క కలలోకి వచ్చిందంటే నక్కతోక తొక్కినట్టే, ఎలక్షన్లో గెలుస్తాదిలే అనుకొన్యా. ఇట్ల అయితాదని నాకేం తెలుసు?" అని ముక్కు చీదుకుంది.

శ్రీరాములు ఆ రెండు మాటల్నీ నాలుక మీద పెట్టుకుని బయటికి నడిచాడు. కల. నక్క. మామూలు రోజైతే ఆ మాటలు ఆయన చెవిలో పడగానే గంట మోగేదే. కుప్పంలో పుట్టి, పుంగనూరులో పెరిగి, మదనపల్లెలో బతుకుతున్నవాడు. మూడూళ్ల మాటలూ ముద్దలా నోట్లో ఉన్నవాడు. కాని ఈ రోజు బుర్రలో పత్తి కూరుకుని ఉంది. అదీ మనవాడి అదృష్టం!

*

పోలీస్ స్టేషన్‌లో సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గోపాలస్వామి ఇడ్లీ తింటూ కనిపించాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చి ఏడాది అయింది. వచ్చిన నాటినుంచీ ఆయనకి శ్రీరాములంటే ఒళ్లుమంట. తను తేల్చిన రెండు కేసుల్ని ఈ నిద్రమొహం మనిషి తిరగదోడి తారుమారు చేశాడు మరి.

"రావయ్యా, కలల డిటెక్టివూ! ఆలస్యమైపోయింది. మనిషి దొరికాడు."

"ఎవరండీ?"

"మునిస్వామి. ల్యాబు అటెండరు. ఆ పిల్లే చెప్పింది, నా చెవులారా విన్నాను. 'కల్లు... నక్కి...' అంది. అంటే ఏంటి? కల్లు తాగినవాడొకడు నక్కి ఉండి కొట్టాడని. వీడి దగ్గరికి వెళ్లి ఒక్కసారి ఊపిరి పీల్చు, సాక్ష్యం నీ ముక్కుకే తగులుతుంది."

"నా ముక్కు ఈ రోజు పనిచెయ్యదండి. సరే, ఆ పిల్లని ఆస్పత్రికి మోసుకొచ్చింది ఎవరు?"

"వీడే."

"కొట్టినవాడే మోసుకొచ్చాడా?"

"తాగినవాడు కొడతాడు, మోస్తాడు, ఏడుస్తాడు. తెల్లారకుండానే బస్టాండులో పారిపోబోతూ దొరికాడు. ఇంకేం కావాలయ్యా నీకు?"

"పారిపోలే సామీ!" కటకటాల వెనకనుంచి మునిస్వామి గొంతు పగిలిపోయింది. బక్కపలచని మనిషి, కళ్లు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి. "నేను రెండు ముంతలు తాగిన మాట నిజమే. ఆయమ్మిని కొట్టేదానికి నాకేం పోయేకాలం? పోయిన వారం నా బిడ్డకి జొరమొస్తే రగతం పరీక్ష చేసి, మందు తెచ్చిచ్చిందే ఆయమ్మి!"

"మరి బస్టాండులో ఏం చేస్తాండావు?" అన్నాడు శ్రీరాములు.

"పెట్టెలు ఏసేదానికి పోయినాను. పుంగనూరు పెట్టె, కుప్పం పెట్టె. ఆడ ట్రైనింగులో ఉండే పిల్లోళ్ల ఓట్ల సామాను. పొద్దున్నే ఫస్టు బస్సుకి ఏసెయ్యి మునిస్వామీ, మర్సిపోవద్దు అని నిన్న మద్యాన్నమే చెప్పింది ఆయమ్మి. ఆయమ్మి చెప్పిన పని సెయ్యకుండా యాడికి పోతాను? కుప్పం పెట్టెలో ఒక డబ్బా తక్కువైంటే, బల్లమీద ఉండేది తీసి దాంట్లో పెట్టి..."

"చాలు, చాలు. డబ్బాల కథ కోర్టులో చెప్పుకో," అని ఇన్‌స్పెక్టర్ ఇడ్లీ తుంచాడు.

"ఇంగోటప్పా," మునిస్వామి కటకటాలు పట్టుకున్నాడు. "ఆయమ్మి కల్లు అనింది తాగే కల్లు కాదు. మాది కుప్పం. మాదిక్కు కల్లంటే రాయి. ఎవురో రాయెత్తి కొట్టినారని చెప్తాండాది. ఆ రాయి యాడుండాదో ఎతకండప్పా!"

శ్రీరాములు నవ్వబోయి ఆగాడు. నర్సుకి కల వినిపించింది, పోలీసుకి కల్లు వినిపించింది, కుప్పం మనిషికి రాయి వినిపించింది. పిల్ల అన్నది ఒకటే మాట. ఎవరి చెవికి వాళ్ల ఊరు అడ్డం పడింది.

"గోపాలస్వామిగారూ, ఒక మాట. ఈ మధ్యాహ్నం జరిగే ఓటింగు ఒక్క రోజు ఆపండి."

"ఎందుకు? దోషి లోపలున్నాడు. ప్రిన్సిపాల్‌కి నేను మాట ఇచ్చాను. మధ్యాహ్నం మూడు ఊళ్లలోనూ ఓటింగు జరుగుతుంది, ఇక్కడ నా బందోబస్తులోనే జరుగుతుంది. నువ్వు అడ్డం వచ్చావనుకో, వీడి పక్క గది ఖాళీగానే ఉంది. నిద్రపోవడానికి నీకు బాగుంటుంది."

"చాప ఇస్తారా అండీ?" అన్నాడు శ్రీరాములు నిజంగానే ఆశగా. అని, ఇన్‌స్పెక్టర్ మొహం ఎర్రబడేలోపు బయటపడ్డాడు.

*

ల్యాబులో వెలుతురు పాలలో నీళ్లు కలిపినట్టుంది. కిటికీ అద్దాల మీద ముసురు జారుతోంది. శ్రీరాములు గుమ్మంలోనే కాసేపు నిలబడ్డాడు. గుమ్మం అంచున ఎండిన నెత్తురు మరక. పిల్ల తలుపు దాకా వచ్చి, పడి, ఆ అంచుకి నుదురు కొట్టుకుంది. రాయీ లేదు, కర్రా లేదు. అంతవరకు తేలిక.

మధ్య బల్ల దగ్గరికి వెళ్లాడు. ఓటింగు సామాను ఇంకా కొంత అక్కడే ఉంది. ఈ సంఘానికో ఆచారం ఉంది. ఇక్కడ ఓటేసినవాళ్ల వేలికి సిరా పుయ్యరు. వేలు గుచ్చి ఒక్క బొట్టు రక్తం తీసుకుని, గ్రూపు కట్టి, బోర్డు మీద రాస్తారు. ఊళ్లో ఎవరికి రక్తం కావాల్సి వచ్చినా ఆ బోర్డు చూసి పరిగెత్తుకొస్తారు. బొట్టు ఇచ్చినందుకు ఓటరుకి ఒక గ్లాసు గ్లూకోజు నీళ్లు. ఆ నీళ్లు సిద్ధం చేసే పని కార్యదర్శిది, అంటే సయీదాది.

బల్ల మీద ఒక గ్లాసు బోర్లా పడి ఉంది. దాని పక్కన కాగితం ముక్క మీద నల్లటి గింజ ఒకటి. శ్రీరాములు వంగి చూశాడు. ఖర్జూరం గింజ. మెల్లగా తీసి జేబురుమాల్లో కట్టుకున్నాడు. గ్లాసుకి జానెడు దూరంలో తెల్లటి పొడి సన్నగా రాలి, దాని మధ్య గుండ్రంగా ఖాళీ. అక్కడ ఏదో డబ్బా ఉండేది. ఇప్పుడు లేదు.

బల్ల కింద ఇంకొకటి దొరికింది. ఎర్ర దారం. ముడి ముడిలాగే ఉంది, ఇంకోచోట బ్లేడుతో కోసినట్టు తెగి ఉంది. రెండు కొసలూ కలిపి చూశాడు. తన మణికట్టుకి పెట్టి చూస్తే మూడు మణికట్లు పట్టేంత వదులు.

"ఎవరది?"

తలుపు దగ్గర తెల్లచొక్కా కుర్రవాడు. మనిషి నీటుగా ఉన్నాడు, కళ్ల కింద మాత్రం నిద్రలేని నలుపు. జయచంద్ర. సదుం భూస్వాముల ఇంటి బిడ్డ, అధ్యక్ష పదవికి సయీదా మీద పోటీ చేస్తున్నవాడు.

"డిటెక్టివునప్పా. నువ్వేం ఎతుకుతాండావు?"

"పెన్ను మర్సిపోయినా సార్." పెన్ను అన్నాడు గాని వాడి చూపు నేల మీద లేదు. బల్ల మీద, అరల మీద, మళ్లీ బల్ల మీద తిరిగింది.

"సయీదా నీకు బాగా తెలుసు గదా?"

"క్లాస్‌మేటే కదా సార్. మంచి పిల్ల. పోటీ పోటీనే, మనిషి మనిషే. రాత్రంతా నాకు నిద్రలేదు."

"నాకు నిద్ర తప్ప ఇంకేమీ లేదు," అని శ్రీరాములు ఆవలించాడు. "ఇదేందో చెప్పగలవా?" ఎర్ర దారం చూపించాడు.

జయచంద్ర రెప్ప కొట్టలేదు. "మునిస్వామిది అయింటాది సార్. అమ్మవారి దారం. ఇట్లాంటిది చేతికి కట్టుకుంటాడు."

"ఓహో. నిన్న సాయంత్రం సయీదా ఈడ ఒంటరిగా ఉండిందా?"

"తెలీదు సార్. నేను పొద్దుగుంకేలోపలే రూముకి పోయినా. అయినా రంజాన్ ఉపవాసం, రోజా ఉండే పిల్ల, ఆయమ్మి ఏమీ తాగదు గదా! ఇదంతా ఆ తాగుబోతు మునిస్వామి పనే. సార్, దీన్ని పట్టుకుని ఓటింగు మాత్రం ఆపొద్దండి. గ్లూకోజు కూడా ఈ పొద్దు నేనే కలుపుతా. సయీదా పని ఆగిపోకూడదు."

పెన్ను దొరకకుండానే వాడు వెళ్లిపోయాడు. శ్రీరాములు ఆ మాటల్లో ఏదో ఒక ముల్లు గుచ్చుకున్నట్టు ఆగాడు. ఏది? ఏ మాట? బుర్ర గోక్కున్నాడు. పత్తి కదల్లేదు.

*

ఆస్పత్రి బెంచీ మీదికి తిరిగొచ్చి కూలబడ్డాడు. ఒక్క నిమిషం కళ్లు మూసుకుందామనుకున్నాడు, అంతే.

ఆస్పత్రి మెట్లెక్కి నక్క వచ్చింది. తొందర లేకుండా, బంధువుల ఇంటికి వచ్చినట్టు వచ్చింది. దాని మెడకి ఎర్ర దారం. ముసురులో తడిసిన తోక బెంచీ మీద పరుచుకుని ఆయన పక్కనే కూర్చుంది. వరండా అంతా పుంగనూరులో ఆయన చిన్ననాటి సందు అయిపోయింది. గాజుల లాల్ అహ్మద్ అంగడి ముందు రంగురంగుల గాజులు వానచినుకులకి వాటంతటవే మోగుతున్నాయి. చిన్న శ్రీరాములు ఒక గాజు ముట్టుకోబోయాడు. అప్పుడు నక్క నోరు తెరిచి, అచ్చం లాల్ అహ్మద్ గొంతుతో, ముద్దుగా కసిరింది.

"నక్కో రే! నక్కో!"

శ్రీరాములు ఉలిక్కిపడి లేచాడు. మెట్ల మీద నక్క లేదు. బెంచీ అటు చివర మాత్రం ఒక నడివయసు ఆమె తడిసిన బురఖాతో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతూ ఉంది. పుంగనూరు బస్సు ఇప్పుడే వచ్చినట్టుంది.

"అమ్మా, మీరు..."

"సయీదా వాళ్లమ్మని సాబ్. మహమూదా. పిల్ల కండ్లు తెరవలేదు. నా గొంతు వింటే తెరుస్తాదనుకొన్నా."

"ఒక్క మాట అడుగుతానమ్మా, ఏడవకుండా చెప్పండి. మీ ఉర్దూలో నక్కో అంటే?"

ఆమె కళ్లు తుడుచుకుని వింతగా చూసింది. "వద్దు అని. మీరు పుంగనూరు మాటే మాట్లాడతాండారే, మీకు తెలీదా?"

"తెలుసు. ఇప్పుడే ఒక నక్క గుర్తుచేసింది. కల్ అంటే?"

"కల్ అంటే... నిన్న. రేపన్నా కల్లే. మా మాటలో రెండిటికీ ఒకటే. మాటని బట్టి తెలుసుకుంటాం."

"'కల్ నక్కో' అంటే?"

"రేపు వద్దు అని."

"నిన్న వద్దు అని కాదా?"

"అయిపోయినదానికి నక్కో యాల అంటాం సాబ్? కాబోయేదాన్నే కదా వద్దనేది!"

శ్రీరాములు లేచి నిలబడ్డాడు. బుర్రలో పత్తి ఎవరో రెండు చేతుల్తో లాగేసినట్టయింది. పిల్ల కలవరించలేదు. ఎవరి పేరూ చెప్పలేదు. ప్రాణం పోతున్నా రాత్రంతా ఒక్కటే చెప్తూ ఉంది: రేపు వద్దు, రేపు వద్దు అని. నర్సుకి, పోలీసుకి, అటెండరుకి మొత్తుకుంది. పాపం, ఒక్కరికీ అర్థం కాలేదు.

జేబురుమాలు విప్పి ఖర్జూరం గింజ చూపించాడు. మహమూదా దాన్ని అరచేతిలోకి తీసుకుని బావురుమంది. "మొన్న నేనే కట్టిచ్చినా సాబ్. యాడ పొద్దుగుంకితే ఆడనే ఇది నోట్లో ఏసుకుని రోజా ఇడువు బేటీ, ఆలస్యం చెయ్యొద్దని చెప్పినా."

ఖర్జూరం నోట్లో వేసుకుంది. ఆ తర్వాత? రోజంతా ఎండిన గొంతు. చేతికి అందే దూరంలో గ్లూకోజు డబ్బా, నీళ్లు, గ్లాసు.

శ్రీరాములు వార్డులోకి పరుగెత్తి ఎర్ర దారం శాంతమ్మ ముందు పెట్టాడు. "అమ్మా, ఇది అమ్మవారి దారమా?"

"ఎవురప్పా నీకు చెప్పింది? ల్యాబులో గ్లూకోజు డబ్బా ఖాళీ అయితే పారెయ్యరు. మూత గట్టిది, తేమ తగలదు. ఏరే పొడులు దాంట్లో పోసుకుంటారు. ఇసం పోస్తే మాత్రం మెడకి ఎర్ర దారం కడతారు. మొదటి సంవత్సరం పిల్లకి కూడా తెలుసు."

మొదటి సంవత్సరం పిల్లకి తెలిసింది ఆఖరి సంవత్సరం జయచంద్రకి తెలియదు! ముల్లు ఎక్కడ గుచ్చుకుందో ఇప్పుడు దొరికింది.

"తెల్ల పొడి, చూసేదానికి గ్లూకోజు మాదిరి, దారం కట్టే రకం. ఏమయింటాది?"

శాంతమ్మ సయీదా బిగిసిన వేళ్లకేసి చూసింది. "ఫ్లోరైడు. చక్కెర పరీక్షకి తీసిన రక్తం చెడిపోకుండా ఏసే పొడి. అది ఒంట్లో కాల్షియాన్ని పీల్చేస్తాది. అందుకే ఈ వేళ్లు... ఆదెమ్మా! కాల్షియం ఇంజెక్షన్లు ఎన్నుంటే అన్నీ పట్టుకురా! గమ్మున!"

సూది నరంలోకి మెల్లగా, చాలా మెల్లగా దిగింది. మహమూదా తస్బీ ఆగిపోయింది. అందరూ ఆ చేతినే చూస్తున్నారు. చూస్తుండగా చిటికెన వేలు ఒక్కటి, పొద్దు చూసిన పువ్వు మాదిరి, పక్కకి జరిగింది.

"బతుకుతాది," అంది శాంతమ్మ. ఆ మాట అన్నాక కుర్చీలో కూలబడి చెమట తుడుచుకుంది.

శ్రీరాములుకి మాత్రం కూర్చునే తీరిక లేకపోయింది. తలుపు దాటుతూ ఆగాడు. నిన్న రాత్రి అన్న 'రేపు'. అంటే ఈ రోజే, ఓటింగులో ఇచ్చే గ్లూకోజే. బల్ల మీద డబ్బా లేదు. కుప్పం పెట్టెలో ఒకటి తక్కువైతే బల్లమీద ఉండేది తీసి పెట్టానన్నాడు మునిస్వామి. ఆ మాట అంటుంటేనే ఇన్‌స్పెక్టర్ నోరు మూయించాడు.

*

కాలేజీ ఆఫీసులో ముందు ఫోను పట్టుకున్నాడు. పుంగనూరు వెంటనే దొరికింది. అక్కడి డబ్బాలు సీలు విప్పలేదు, విప్పబోమని మాట ఇచ్చారు. కుప్పానికి మామూలు ట్రంకాలైతే సాయంత్రం కలుస్తుంది. అందుకని అన్నిటికంటే ముందు కలిపే లైట్నింగు కాల్ బుక్ చేసి, పక్కనే ఉన్న ఓటింగు హాల్లోకి నడిచాడు.

జయచంద్ర స్వయంగా గ్లాసులు అందిస్తున్నాడు. ఇన్‌స్పెక్టర్ గోపాలస్వామి కుర్చీ వేసుకుని ఠీవిగా కూర్చున్నాడు.

"తాగండి సార్, నేనే కలిపినా," అన్నాడు జయచంద్ర.

"ముందు నువ్వు తాగు."

వాడు గటగటా తాగి గ్లాసు బోర్లించాడు. ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "చాలా? ఇంకో కల చెప్పు."

"తాగుతావని తెలుసప్పా. ఇది కొత్త డబ్బా. పాత డబ్బా కోసమే గదా పొద్దున పెన్ను ఎతికినావు. కొంచెం ఆఫీసులోకి రా. మీరూ రండి గోపాలస్వామిగారూ, చాప అక్కర్లేదు."

తలుపు మూశాక శ్రీరాములు తాపీగా అడిగాడు. "సయీదాని ఎవరో కొట్టినారని ఊరంతా అనుకొంటాంది. ఏదో తాగిందని డాక్టరమ్మకి, నాకు తప్ప ఎవురికీ తెలీదు. 'ఏమీ తాగదు గదా' అని నీకెందుకు తోచింది?"

జయచంద్ర మూసిన తలుపు వైపు చూశాడు.

"నేను చెప్తా విను. ఈ మధ్యాహ్నం ఓటేసినవాళ్లంతా గ్లూకోజు తాగి వాంతులతో పడిపోవాల. తాగకుండా నిలబడి ఉండేది రోజాలో ఉన్న సయీదా ఒక్కతే. నీళ్లు కలిపిందీ ఆమే. అందరి వేళ్లూ ఎవురి దిక్కు తిరుగుతాయి? బాగానే అల్లినావు. ఒక్కటే తెలీలేదు నీకు. వాళ్లు పగలు నీళ్లు ముట్టరని తెలుసుకున్నావు గాని, పొద్దుగుంకినాక ఏం చేస్తారో తెలుసుకోలేదు. నీ డబ్బాతోనే ఆ పిల్ల రోజా విడిచింది."

"కథలు! సాక్ష్యం ఏది? ఆ డబ్బా యాడ?" జయచంద్ర గొంతు కీచుమంది.

"నేనూ అదే అడుగుతున్నా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆయన గొంతులో ఇందాకటి బిగువు లేదు.

"తెల్లారి ఫస్టు బస్సులో కుప్పం పోయింది. మునిస్వామి మొత్తుకున్నాడు, మీరు ఇడ్లీ తింటున్నారు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. శ్రీరాములు ఆయన్ని చూడటం లేదు. జయచంద్రని చూస్తున్నాడు. వాడి మొహంలో రక్తం లేదు. పెదవులు కదిలాయి.

"కుప్పమా? కుప్పంలో మా సుగుణ ఉండాది సార్. మా చెల్లెలు. ఆడనే ట్రైనింగు..."

ఫోను మోగింది. శ్రీరాములు చెయ్యి చాచేలోపు జయచంద్ర రిసీవర్ లాక్కున్నాడు. అవతల పిల్లల కేరింతలు. గరగరల మధ్యనుంచి ఒక ఆడపిల్ల గొంతు గది అంతటికీ వినిపించింది.

"ఎవురూ? అన్నా, నువ్వా! ఏంది, లైట్నింగు కాలా?"

"సుగుణా! గ్లూకోజు తాగొద్దు! ఎవుర్నీ తాగనీయొద్దు! ఓటింగు ఆపించు!"

అవతల కిలకిలమని నవ్వు. "ఓడిపోతాండావని అప్పుడే ఆడ దాకా తెలిసిపోయిందా? కోపం చేసుకోవద్దన్నా, నేనూ సయీదక్కకే ఏసినా. ఆపేదిలేదు పో. గొంతెండిపోయింది, గ్లాసు చేతిలోనే ఉండాది. తాగేసి మాట్లాడతా ఉండు."

జయచంద్ర తలెత్తి ఇన్‌స్పెక్టర్‌ని చూశాడు. ఇన్‌స్పెక్టర్ వాడినే చూస్తున్నాడు. తప్పించుకునే దారి ఇంకా ఉంది. రిసీవర్ పెట్టేస్తే చాలు. వాడు రెండు చేతుల్తో రిసీవర్ పట్టుకుని పసివాడిలా ఏడ్చేశాడు.

"అమ్మతోడు సుగుణా, దాంట్లో ఉండేది ఇసం! పెట్టింది నేనే! ఎర్ర దారం కోసింది నేనే! సయీదాని పడేసింది నేనే! తాగొద్దమ్మా!"

తీగలో గరగర. కేరింతలు ఆగిపోయాయి. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. శ్రీరాములు ఊపిరి వదిలాడు. గది బయట ముసురు సన్నగా పడుతూనే ఉంది.

ఆ తర్వాత సుగుణ గొంతు వచ్చింది. ఈసారి అందులో నవ్వు లేదు.

"అన్నా... నాకంటే ముందర ఇద్దరు తాగేసినారు. ఉప్పగా ఉండాదని నవ్వుకుంటా పోయినారు. యాడికి పోయినారో తెలీదు."